పార్కింగు బ్రేకు షూలు

పార్కింగు బ్రేకు షూలు అనేవి నిలిపి ఉంచిన మోటారు వాహనం తనంతట తాను దొర్లిపోకుండా చక్రాలను పట్టి ఉంచే, విల్లులా వంగిన ఉక్కు పలకలు. వీటి వెలుపలి వంపు మీద రాపిడి పదార్థంతో చేసిన పట్టీ అతికించబడి ఉంటుంది. ఈ పట్టీని మెకానిక్కులు లైనరు అంటారు. డ్రైవరు చేతి బ్రేకును లాగినప్పుడు షూలు రెండూ విచ్చుకొని, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడను ఒత్తి పట్టుకుంటాయి. షూలను వాటి స్థానంలో నిలిపే స్ప్రింగులు, పిన్నులు, సర్దుబాటు మర, లీవరు మొదలైన చిన్న సామగ్రి కూడా ఈ బ్రేకులో భాగమే. షూలను మార్చి ఈ సామగ్రిని మాత్రం పాతదే ఉంచడం వలన అనేక వాహనాలలో బ్రేకు తిరిగి త్వరగా చెడిపోతుంది.

వెనుక చక్రాలకు డిస్కు బ్రేకులు ఉండి, ఆ డిస్కు నడిమి భాగంలోని టోపీ వంటి గుల్లలో విడిగా ఒక చిన్న డ్రమ్ము బ్రేకు అమర్చిన వాహనాలు అనేకం ఉన్నాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ అమరిక గురించినది. వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులే ఉన్న కార్లలో కాలి బ్రేకుకూ, చేతి బ్రేకుకూ ఒకే జత షూలు ఉపయోగపడతాయి.

పేరు

తెలుగు వాడుకలో దీనిని హ్యాండు బ్రేకు లేదా చేతి బ్రేకు అంటారు. కొన్ని కార్లలో దీనిని కాలితో తొక్కవలసి ఉంటుంది, మరికొన్నింటిలో మీట నొక్కితే చాలు. కనుక పార్కింగు బ్రేకు అనడమే సరియైనది. అమెరికాలో దీనిని అత్యవసర బ్రేకు అనడం కూడా ఉన్నది. ఈ పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. కాలి బ్రేకు పూర్తిగా విఫలమైనపుడు దీనిని వాడవలసి రావచ్చును గాని, ఇది సాధారణంగా వెనుక చక్రాల మీద మాత్రమే పనిచేస్తుంది. వేగంగా పోతున్న బండిలో దీనిని ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగిసిపోయి బండి అడ్డం తిరుగుతుంది.

చరిత్ర

డ్రమ్ము లోపల షూలు విచ్చుకొనే బ్రేకును ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ రెనో 1902లో రూపొందించినట్లు చెబుతారు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో బ్రేకులకు ప్రత్యేకమైన రాపిడి పట్టీల తయారీ మొదలుపెట్టాడు. ఆయన స్థాపించిన సంస్థే ఫెరోడో. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కారులో కాలితో తొక్కే బ్రేకు గేరుపెట్టె మీద పనిచేసేది, చేతి లీవరు వెనుక చక్రాల డ్రమ్ములను పట్టేది.

1920 దశకం నుండి కార్లలో నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు వ్యాపించాయి. గొట్టం పగిలి నూనె కారిపోతే ఆ బ్రేకులు పనిచేయవు. అంతేకాక, రాత్రంతా నిలిపి ఉంచిన బండిని నూనె ఒత్తిడితో పట్టి ఉంచడం నమ్మదగినది కాదు, ఏ కొద్ది కారుడు ఉన్నా ఒత్తిడి తగ్గిపోతుంది. అందుచేత నూనెతో సంబంధం లేకుండా తీగ లేదా కడ్డీతో పనిచేసే రెండవ బ్రేకు తప్పనిసరిగా మిగిలిపోయింది.

వెనుక చక్రాలకు కూడా డిస్కు బ్రేకులు వచ్చిన తరువాత ఒక చిక్కు వచ్చిపడింది. డిస్కును రెండు పక్కలా పట్టే ప్యాడ్లను తీగతో నొక్కవచ్చును గాని, వేడెక్కిన డిస్కు చల్లారి కొద్దిగా కుంచించుకున్నప్పుడు ఆ పట్టు సడలే అవకాశం ఉంది. పైగా డ్రమ్ము బ్రేకుకు ఉన్న, తన పట్టును తానే బిగించుకొనే గుణం డిస్కు బ్రేకుకు లేదు. దీనికి పరిష్కారంగా డిస్కు గుల్లలోనే చిన్న డ్రమ్ము బ్రేకును ఇమిడ్చారు. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులతో వచ్చిన 1965 నాటి షెవర్లే కార్వెట్‌లో ఈ అమరిక ఉంది. తరువాతి దశాబ్దాలలో టయోటా, మెర్సిడెస్ బెంజ్, బి.ఎం.డబ్ల్యు. వంటి సంస్థలు అనేక నమూనాలలో దీనిని వాడాయి.

భారతదేశంలో 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్, 1983లో వచ్చిన మారుతి 800 కార్లలో వెనుక డ్రమ్ము బ్రేకులే ఉండేవి. చిన్న కార్లలో నేటికీ ఇదే పద్ధతి ఎక్కువ.

నిర్మాణం

చక్రం వెనుక కదలకుండా బిగించిన గుండ్రని రేకును వెనుక పలక అంటారు. షూలు రెండూ దీని మీదనే నిలబడతాయి. పలక పైభాగాన యాంకరు పిన్ను అనే లావుపాటి మొల ఉంటుంది, షూల పై కొనలు దీనికి ఆని ఉంటాయి. బలమైన రిటర్ను స్ప్రింగులు షూలను ఈ మొల వైపు లాగి పట్టుకుంటాయి. ఒక్కొక్క షూ నడుమ గుండా సన్నని పిన్ను, దానిపై చిన్న స్ప్రింగు, గిన్నె వంటి మూత ఉండి, షూ పలక నుండి ఎడంగా జరగకుండా చూస్తాయి. షూల కింది కొనల మధ్య అడ్జస్టరు ఉంటుంది. ఇది పళ్ళ చక్రం గల ఒక మర. పళ్ళను ఒక వైపు తిప్పితే పొడవు పెరిగి షూలు దూరం జరుగుతాయి, రెండవ వైపు తిప్పితే దగ్గరవుతాయి. కొన్ని వాహనాలలో అడ్జస్టరు పైన, లీవరు కింద ఉంటాయి.

కేబులు వచ్చి తగులుకొనేది ఒక షూ వెనుక ఉన్న లీవరుకు. కేబులు లాగినపుడు ఈ లీవరు షూల మధ్యనున్న అడ్డుపట్టీని నెట్టుతుంది. ఆ నెట్టుడుతో షూలు రెండూ విచ్చుకుంటాయి. అమెరికాలో తయారైన కొన్ని పికప్ వాహనాలలో రెండు షూలకు బదులు గుర్రపు నాడా ఆకారంలో ఒకే షూ ఉంటుంది. దానిని ఒక స్ప్రింగు క్లిప్పు పట్టి ఉంచుతుంది.

పాత విల్లీస్ జీపుల వంటి కొన్ని బండ్లలో పార్కింగు బ్రేకు చక్రాల వద్ద కాక, గేరుపెట్టె నుండి వెనుక ఇరుసుకు పోయే షాఫ్టు మీద ఉంటుంది. ఆ బండిని ఒక వెనుక చక్రం కింద జాకీ పెట్టి ఎత్తితే పార్కింగు బ్రేకు వేసి ఉన్నా లేనట్లే. నేల మీదనున్న చక్రం ఒక వైపు, గాలిలోనున్న చక్రం రెండవ వైపు తిరిగి బండి కదిలిపోతుంది.

ఎంత బలం కావాలి

ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం ప్రమాణాల ప్రకారము, అమెరికా సమాఖ్య ప్రమాణాల ప్రకారము కూడా, కారు పార్కింగు బ్రేకు 20 శాతం వాలు మీద నిండు బరువుతో ఉన్న బండిని ఎత్తువైపు, పల్లంవైపు రెండు దిశలలోనూ పట్టి నిలపాలి. ఇందుకు చేతితో ప్రయోగించే బలం 400 న్యూటన్లకు, కాలితో అయితే 500 న్యూటన్లకు మించరాదు.

ఈ అంకెల వెనుకనున్న లెక్క ఆసక్తికరమైనది. 1,200 కిలోల కారును 20 శాతం వాలు మీద నిలిపితే దానిని కిందికి లాగే బలం సుమారు 2,300 న్యూటన్లు. చక్రపు వ్యాసార్థం 30 సెం.మీ. అనుకుంటే, రెండు వెనుక చక్రాలలో ఒక్కొక్కటి దాదాపు 345 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలాన్ని ఆపాలి. కాని బ్రేకు డ్రమ్ము వ్యాసార్థం 9.5 సెం.మీ. మాత్రమే. కనుక లైనరు వద్ద 3,600 న్యూటన్లకు పైగా ఘర్షణ పుట్టాలి. ఘర్షణ గుణకం 0.4 అనుకున్నా, లైనర్లు డ్రమ్మును 9,000 న్యూటన్ల బలంతో నొక్కాలి. ఇది ఒక్క చక్రానికే. మనిషి చేయి ఇవ్వగలిగినది 400 న్యూటన్లు, అదీ రెండు చక్రాలకూ కలిపి.

ఈ తేడాను పూడ్చేవి మూడు. చేతి లీవరు కొంత, చక్రం లోపలి లీవరు మరికొంత బలాన్ని పెంచుతాయి. మూడవది డ్రమ్ము బ్రేకుకు సహజమైన గుణం. దొర్లబోయే డ్రమ్ము తనతో పాటు మొదటి షూను ఈడ్చుకొని పోతుంది, ఆ షూ అడ్జస్టరు ద్వారా రెండవ షూను యాంకరు పిన్ను మీదికి నెట్టుతుంది. బండి ఎంత గట్టిగా దొర్లబోతే పట్టు అంతగా బిగుస్తుంది.

అయితే బలం పెరిగిన మేరకు కదలిక తగ్గుతుంది. చేతి లీవరు చాలా దూరం కదిలితే షూ కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆ కదలిక అంతా షూకు, డ్రమ్ముకు నడుమనున్న ఖాళీని పూడ్చడానికే ఖర్చయిపోతే, లీవరు చివరి వరకు వచ్చినా నొక్కుడు పుట్టదు. పార్కింగు బ్రేకు మరమ్మతులో ఈ ఖాళీయే ప్రధాన విషయం.

ఎందుకు పాడవుతాయి

కాలి బ్రేకు లైనర్లు వాడకం వలన అరుగుతాయి. డిస్కు గుల్లలోని పార్కింగు బ్రేకు లైనర్లు అలా అరగవు, ఎందుకంటే అవి పట్టే సమయానికి చక్రం ఆగి ఉంటుంది. సరిగా వాడిన బండిలో ఇవి ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ఇవి చెడిపోయేది చాలావరకు వాడకపోవడం వలన. ఆటోమేటిక్ గేరు కార్ల యజమానులు అనేకులు గేరును పార్కు స్థానంలో పెట్టి దిగిపోతారు, పార్కింగు బ్రేకును ముట్టుకోరు. కేబులు తొడుగులోకి నీరు చేరి తుప్పు పడుతుంది. అడ్జస్టరు మర బిగిసిపోతుంది. ఉక్కు పలకకు, లైనరుకు మధ్య తుప్పు పొరలుగా ఎదిగి లైనరును పైకి లేపుతుంది. చివరికి లైనరు ఊడి డ్రమ్ములో ఇరుక్కొని, చక్రాన్ని పట్టేయవచ్చును.

శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తర అమెరికా, ఐరోపా ప్రాంతాలలో ఈ నష్టం ఎక్కువ. అక్కడ నివసించే తెలుగువారికి ఇది పరిచితమైన బెడదే. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి కొంత ఇటువంటి పనే చేస్తుంది. వానాకాలంలో తడిసిన బండిని బ్రేకు వేసి వారాల తరబడి కదపకుండా ఉంచితే లైనర్లు డ్రమ్ముకు అంటుకుపోవడమూ ఉన్నది.

రెండవ కారణం మరపు. బ్రేకును దించకుండా బండి నడిపితే లైనర్లు కొద్ది కిలోమీటర్లలోనే మాడి గాజులా నునుపెక్కుతాయి. నునుపెక్కిన లైనరు మందం చాలినంత ఉన్నా పట్టదు. మూడవది నూనె. వెనుక ఇరుసు సీలు కారితే గేరు నూనె వచ్చి లైనరును తడుపుతుంది. నూనె పీల్చుకున్న లైనరును కడిగి వాడరాదు, సీలు మార్చకుండా కొత్త షూలు వేయనూ రాదు.

చేతి లీవరు ఎప్పటికంటె పైకి రావడం, వాలు మీద బండి జారడం, వెనుక నుండి గరగర శబ్దం, ఒక చక్రం మాత్రం వేడెక్కడం లేదా మాడిన వాసన రావడం దీని లక్షణాలు. లీవరు తక్కువ ఎత్తులోనే గట్టిగా ఆగిపోయి, బండి మాత్రం జారుతున్నదంటే ఖాళీ పెరిగినదని కాదు. కేబులు తుప్పుతో బిగుసుకున్నదనో, లైనరు నునుపెక్కినదనో, నూనె తగిలినదనో అర్థం.

పని మొదలుపెట్టే ముందు

ఈ పనిలో ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. బండి కదలకుండా ఆపే బ్రేకునే విప్పవలసి ఉంటుంది, అది కూడా దానిని దించిన స్థితిలో. వెనుక చక్రాలతో నడిచే బండిలో వెనుక భాగాన్ని ఎత్తితే గేరులో ఉంచినా ప్రయోజనం లేదు, గేరు ఆపేది గాలిలోనున్న చక్రాలనే. ఒక వెనుక చక్రాన్ని మాత్రం ఎత్తినా అంతే. అందుచేత చదునైన గట్టి నేల మీద బండిని నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు లేదా అడ్డుకట్టలు పెట్టాలి. గుండ్రాయి పెట్టి సరిపుచ్చుకోవడం మన రోడ్ల మీద తరచు కనబడుతుంది గాని, అది దొర్లే వస్తువు.

జాకీ బండిని ఎత్తడానికే. ఎత్తిన తరువాత తయారీదారు సూచించిన చోట ఉక్కు స్టాండ్లు పెట్టి, బండి బరువు వాటి మీదికి దించాలి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి పోరాదు. పని ఒక చక్రం తరువాత ఒకటి చేస్తే, స్ప్రింగు ఏ రంధ్రంలో తగిలించాలో అనుమానం వచ్చినపుడు రెండవ చక్రం నమూనాగా ఉంటుంది. ఎడమ కుడి భాగాలు అద్దంలో ప్రతిబింబం వలె ఉంటాయని గుర్తుంచుకోవాలి.

విప్పే విధానము

బండి నేల మీద ఉండగానే వీలు నట్లను కొద్దిగా వదులు చేసి, తరువాత ఎత్తి చక్రాన్ని తీయాలి. పార్కింగు బ్రేకును పూర్తిగా దించి, కేబులు సర్దుబాటు నట్టును కూడా వదులు చేయాలి. క్యాలిపరును, దాని బ్రాకెట్టును విప్పి తీగతో స్ప్రింగుకో ఛాసిస్‌కో వేలాడదీయాలి. దానిని రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వరాదు, గొట్టం లోపల చిట్లితే పైకి కనబడదు. క్యాలిపరు విడిగా ఉన్నంతసేపు కాలి బ్రేకు తొక్కరాదు, తొక్కితే పిస్టను బయటికి వచ్చేస్తుంది.

ఇక డిస్కును లాగాలి. చాలా బండ్లలో పని ఆగేది ఇక్కడే. డ్రమ్ము లోపలి అంచున తుప్పు గట్టు ఏర్పడి షూలకు తగులుకుంటుంది. డిస్కు ముఖం మీద లేదా వెనుక పలకలో రబ్బరు బిరడా గల రంధ్రం ఉంటుంది. బిరడా తీసి స్క్రూడ్రైవరుతో పళ్ళ చక్రాన్ని తిప్పి షూలను దగ్గరకు చేర్చాలి. డిస్కు హబ్బుకు అంటుకొని ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు ఆగాలి. అనేక డిస్కులలో ఇందుకోసమే రెండు మర రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరిపోయే బోల్టులను రెండు వైపులా సమంగా బిగించుకుంటూ పోతే డిస్కు ముందుకు వస్తుంది. సుత్తితో అంచు మీద కొడితే డిస్కు వంగవచ్చును, చక్రపు బేరింగు కూడా దెబ్బతినవచ్చును.

డిస్కు వచ్చిన తరువాత దేనినీ విప్పక ముందే అమరికను ఫొటో తీసుకోవడం మంచిది. రిటర్ను స్ప్రింగులను బ్రేకు స్ప్రింగు పటకారుతో తీయాలి. సాగి ఉన్న స్ప్రింగు జారితే కంటికి తగులుతుంది కనుక కళ్ళద్దాలు తప్పనిసరి. తరువాత పిన్ను మూతలను నొక్కి పావు చుట్టు తిప్పితే పిన్నులు ఊడుతాయి. షూలను కింది వైపు విప్పి అడ్జస్టరును, అడ్డుపట్టీని తీసి, చివరగా లీవరు నుండి కేబులు కొనను తప్పించాలి.

పరిశీలన

చాలా తయారీదారుల పుస్తకాలలో లైనరుకు కనీస మందం 1 మి.మీ.గా ఉంటుంది. డ్రమ్ము గరిష్ఠ వ్యాసం డిస్కు లోపలి వైపు పోత అక్షరాలలో రాసి ఉంటుంది. 190 మి.మీ. డ్రమ్ముకు అది 191 మి.మీ. ఉండవచ్చును. షూల మందం చూసి డ్రమ్మును కొలవకపోవడం తరచు జరిగే పొరపాటు. అరిగిన డ్రమ్ములో కొత్త షూలు నడుమ భాగంలో మాత్రమే తాకుతాయి.

వెనుక పలక మీద షూలు ఆనే చోట చిన్న ఎత్తు గట్లు ఉంటాయి. వీటి మీద గాడి పడితే షూ అందులో ఇరుక్కొని విచ్చుకోదు. గాడి లోతుగా ఉన్నా, పిన్నులు దూరే చోట తుప్పు తిని రంధ్రం పెద్దదైనా పలకనే మార్చాలి. లేనిచో పిన్ను ఊడి స్ప్రింగు డ్రమ్ములో పడి నలుగుతుంది. కేబులును చేతితో లాగి వదిలి చూడాలి. అది తన తొడుగులో తేలికగా వెనక్కు పోకపోతే, కొత్త షూలు వేసినా బ్రేకు దిగదు.

స్ప్రింగులు చూపుకు బాగున్నా వేడికి తమ బిగువు కోల్పోతాయి. రంగు మారినవి, చుట్ల మధ్య ఎడం వచ్చినవి పనికిరావు. స్ప్రింగులు, పిన్నులు, మూతలు కలిపి ఒక పొట్లంగా అమ్ముతారు, వాటి ఖరీదు షూల కంటె చాలా తక్కువ. షూలను ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. ఒక వైపు కొత్తది, మరొక వైపు పాతది ఉంటే పట్టు అసమానమవుతుంది.

మన ప్రాంతంలో పాత షూలకు కొత్త లైనర్లను రివిట్లు కొట్టి వేయించుకోవడం చాలాకాలంగా ఉన్నది. లారీలకు, పాత కార్లకు ఇది నేటికీ జరుగుతున్నది. షూ పలక వంగకుండా, తుప్పు తినకుండా ఉండి, రివిట్ల తలలు లైనరు మట్టానికి లోపలే ఉంటే ఈ పద్ధతిలో తప్పు లేదు. డిస్కు గుల్లలోని సన్నని షూలకు లైనరును జిగురుతో వేడిమీద అతికిస్తారు, వాటికి ఈ పద్ధతి నప్పదు.

బిగించే విధానము

వెనుక పలకను శుభ్రం చేసి, ఎత్తు గట్ల మీద, యాంకరు పిన్ను మీద, లీవరు కీలు వద్ద, అడ్జస్టరు మరలో వేడిని తట్టుకొనే బ్రేకు గ్రీజును పలుచగా రాయాలి. మామూలు బేరింగు గ్రీజు వేడికి కరిగి లైనరు మీదికి పారవచ్చును. లైనరును చేతివేళ్ళతో తాకకుండా అంచులు పట్టుకొని పనిచేయాలి.

అడ్జస్టరు మర ఎడమ చక్రానికి ఒక దిశలో, కుడి చక్రానికి మరొక దిశలో కోయబడి ఉండవచ్చును. కనుక రెండింటినీ తారుమారు చేయరాదు. పాతదే వాడదలిస్తే పూర్తిగా విప్పి, తుప్పు గీకి, చేతివేళ్ళతో తేలికగా తిరిగేటట్లు చేయాలి. చేతితో తిరగని అడ్జస్టరు రంధ్రంలోంచి స్క్రూడ్రైవరుతో అసలే తిరగదు.

మొదట కేబులును లీవరుకు తగిలించి, ఆ షూను పిన్నుతో నిలపాలి. తరువాత అడ్డుపట్టీ, రెండవ షూ, అడ్జస్టరు, చివరగా రిటర్ను స్ప్రింగులు. షూల పై కొనలు రెండూ యాంకరు పిన్నుకు పూర్తిగా ఆని ఉన్నాయో లేదో చూడాలి. ఆనకపోతే కేబులు ఇంకా బిగువుగా ఉన్నదని గుర్తు. కొత్త డిస్కు అయితే దాని మీద పూసిన తుప్పునివారణ నూనెను బ్రేకు శుభ్రపరచే ద్రవంతో తుడిచి ఎక్కించాలి.

సర్దుబాటు

సర్దుబాటులో మొదటి మెట్టు షూలు, రెండవది కేబులు. ఈ వరుస తప్పితే మిగతా పని అంతా సరిగా చేసినా ఫలితం ఉండదు.

డిస్కును రెండు వీలు నట్లతో బిగించి, రంధ్రంలోంచి పళ్ళ చక్రాన్ని తిప్పుతూ డిస్కు చేతితో తిరగనంత వరకు షూలను విప్పాలి. తరువాత తయారీదారు చెప్పినన్ని పళ్ళు వెనక్కు తిప్పాలి. ఈ సంఖ్య వాహనాన్ని బట్టి మారుతుంది, 5 నుండి 8 పళ్ళు సాధారణం. అప్పుడు డిస్కు అడ్డు లేకుండా తిరగాలి, ఎక్కడైనా సన్నని రాపిడి శబ్దం వినవచ్చినా పట్టు ఉండరాదు. రెండు చక్రాలకూ ఇది పూర్తయిన తరువాతనే చేతి లీవరు వద్దనున్న నట్టుతో కేబులును బిగించాలి. లీవరు ఎన్ని టిక్కులలో ఆగాలో వాహనపు పుస్తకంలో ఉంటుంది. లీవరు దించినపుడు రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరగాలి.

వర్కుషాపులలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. లీవరు పైకి వస్తున్నదని యజమాని చెప్పగానే, చక్రం విప్పకుండా కేబులు నట్టును నాలుగు చుట్లు బిగించి పంపుతారు. లీవరు తక్కువ ఎత్తులో ఆగుతుంది కనుక యజమానికి తృప్తి కలుగుతుంది. కాని లోపలి లీవరు తన విశ్రాంతి స్థానానికి తిరిగి పోదు, షూలు యాంకరు పిన్నును వదిలి పాక్షికంగా విచ్చుకొని ఉంటాయి. నడిచేటప్పుడు అవి రాసుకొని వేడెక్కుతాయి, అరిగిన కొద్దీ మళ్ళీ కేబులు బిగించవలసి వస్తుంది. వెనుక డ్రమ్ము బ్రేకులున్న చిన్న కార్లలో మరొక హాని కూడా ఉన్నది. వాటిలో కాలి బ్రేకు తొక్కినప్పుడల్లా ఖాళీని తానే సర్దుకొనే ఏర్పాటు ఉంటుంది. కేబులు మితిమీరి బిగిస్తే ఆ ఏర్పాటు పనిచేయడం మానివేస్తుంది. ఆ కార్లలో కొత్త షూలు వేసిన తరువాత కాలి బ్రేకును అనేకసార్లు తొక్కి, షూలు సర్దుకున్న తరువాతనే కేబులు జోలికి పోవాలి.

చక్రాలు ఎక్కించి నట్లను టార్కు రెంచితో నిర్ణీత బలానికి బిగించిన తరువాత, కాలి బ్రేకును కొన్నిసార్లు తొక్కి అది గట్టిపడిన తరువాతనే బండిని కదపాలి. కొత్త లైనర్లు డ్రమ్ము వంపుకు ఒదగాలి. దీనికి జన సంచారం లేని దారిలో సుమారు 50 కి.మీ. వేగంతో పోతూ, లీవరు బొత్తాన్ని నొక్కి పట్టుకొని, బ్రేకును తేలికగా లాగి 400 మీటర్ల వరకు నడిపి, చల్లారనిచ్చి, రెండు మూడుసార్లు మళ్ళీ చేయమని టయోటా వంటి సంస్థల మాన్యువళ్ళు చెబుతాయి. బొత్తాం నొక్కి ఉంచడం వలన అవసరమైన క్షణంలో బ్రేకును వదలవచ్చును. ఆ తరువాత కేబులును మరొకసారి సరిచూడాలి. చివరి పరీక్ష వాలు మీద, డ్రైవరు సీటులో కూర్చొని, పాదాన్ని బ్రేకు పెడలు మీదనే ఉంచి చేయాలి.

రాతినార ధూళి

ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం బ్రేకు లైనర్లను రాతినారతో, అనగా ఆస్బెస్టాస్‌తో తయారుచేశారు. వేడిని తట్టుకొనే ఈ ఖనిజం కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో కూడా దొరుకుతుంది. దీని పీచు పీల్చిన వారికి ఊపిరితిత్తుల క్యాన్సరు, మీసోథీలియోమా అనే మరొక క్యాన్సరు వస్తాయి. రోగం బయటపడేది సాధారణంగా కొన్ని దశాబ్దాల తరువాత. ఐరోపా సమాజం 2005 జనవరి 1 నుండి రాతినార వాడకాన్ని నిషేధించింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024లో ప్రకటించిన నిషేధంలో బ్రేకు లైనర్లు కూడా ఉన్నాయి. భారత సర్వోన్నత న్యాయస్థానం 1995 నాటి తీర్పులో రాతినార పరిశ్రమ కార్మికుల ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది.

లైనరు దేనితో చేసినదో చూపుతో చెప్పలేము. కనుక పాత బండి డ్రమ్ములోని దుమ్మును రాతినార దుమ్ముగానే భావించి పనిచేయాలి. నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదరాదు, పొడి బ్రష్షుతో దులపరాదు. సబ్బునీటితో లేదా బ్రేకు శుభ్రపరచే ద్రవంతో తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి. మన ప్రాంతపు షెడ్లలో ఈ పని ఎక్కువగా చేసేది పని నేర్చుకొనే కుర్రవాళ్ళు. డ్రమ్మును నేల మీద తట్టి, మిగిలిన దుమ్మును గాలిగొట్టంతో ఊదడం వారికి మొదటి రోజున నేర్పే పనులలో ఒకటి.

చట్టం, ప్రమాదాలు

భారత మోటారు వాహనాల చట్టం, 1988 లోని 126వ సెక్షను ప్రకారం, డ్రైవరు సీటులో లైసెన్సు గల వ్యక్తి లేనపుడు బహిరంగ స్థలంలో బండిని నిలిపి ఉంచాలంటే ఇంజనును ఆపి, బ్రేకు వేసి, లేదా తగిన ఇతర జాగ్రత్త తీసుకొని, అది అనుకోకుండా కదలని విధంగా చేయాలి. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989 లోని 96వ నియమం కార్లు, బస్సులు, లారీల వంటి వాహనాలకు కాలి బ్రేకు, పార్కింగు బ్రేకు అనే రెండు స్వతంత్ర బ్రేకు ఏర్పాట్లను తప్పనిసరి చేసింది.

అమెరికా నటుడు ఆంటన్ యెల్చిన్ 2016 జూన్ 19న లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి వాలుదారిలో నిలిపిన వాహనం వెనక్కు దొర్లి, ఇటుక స్తంభానికి, గేటుకు మధ్య నలిగి మరణించాడు. ఆ నమూనా వాహనాలను గేరు మీట పార్కు స్థానంలో ఉన్నదీ లేనిదీ స్పష్టంగా తెలియడం లేదన్న కారణంతో అప్పటికే వెనక్కు పిలిపించారు. పార్కు స్థానంలో బండిని ఆపేది గేరుపెట్టెలోని వేలంత చిన్న ఇనుప కొక్కెం. పార్కింగు బ్రేకు దానికి సంబంధం లేకుండా చక్రాలనే పట్టుకుంటుంది. వాలు మీద నిలిపేటప్పుడు మొదట పార్కింగు బ్రేకు వేసి, బరువు దాని మీదికి వచ్చిన తరువాత గేరును పార్కులో పెట్టడం ఈ కారణం చేతనే.

విద్యుత్ పార్కింగు బ్రేకు

2001 నుండి కొన్ని కార్లలో చేతి లీవరుకు బదులు మీట, మోటారు వచ్చాయి. వీటిలో చాలావరకు మోటారు వెనుక క్యాలిపరు మీదనే ఉండి ప్యాడ్లను నొక్కుతుంది, విడిగా షూలు ఉండవు. 2004లో వచ్చిన ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3 వంటి కొన్నింటిలో మాత్రం మోటారు కేబుళ్ళను లాగుతుంది, చక్రం లోపల పాత పద్ధతి షూలే ఉంటాయి. ఇటువంటి బండిలో పని మొదలుపెట్టే ముందు తయారీదారు చెప్పిన పద్ధతిలో మోటారును మరమ్మతు స్థితిలో పెట్టాలి. లేనిచో చేతులు లోపల ఉండగా మోటారు తిరగవచ్చును. షూల ఖాళీ ఎక్కువైతే ఇక్కడ లీవరు పైకి రావడం వంటి హెచ్చరిక ఉండదు. మోటారు మామూలు కంటె ఎక్కువసేపు మూలగడం, ఆ తరువాత మీటర్ల పలక మీద దీపం వెలగడం మాత్రమే కనబడతాయి.

భారీ లారీలు, బస్సులలో పార్కింగు బ్రేకును పట్టి ఉంచేది గాలి కాదు, గదిలో అణచి ఉంచిన బలమైన స్ప్రింగు. గాలి ఒత్తిడి ఆ స్ప్రింగును వెనక్కు నెట్టి బ్రేకును వదిలిస్తుంది. ఆ స్ప్రింగు గదిని బోల్టుతో బంధించకుండా విప్పితే మూత తూటాలా ఎగిరి ప్రాణం తీస్తుంది. కార్ల బ్రేకు పని తెలిసినవారు కూడా ఆ పనిని దానిలో శిక్షణ పొందిన వారికే వదిలివేయాలి.